తాళం తప్పిన పుట్టగొడుగు!

గ్రూపు డాన్సు పాటలో మీరు ఎవర్ని చూస్తారు? హీరోని, హీరోయిన్‌ని. అంతేగా! కానీ వెనక వరుసలో, ఆ చివర, ఒక కుర్రాడుంటాడు. అందరూ ఎడమకాలు లేపితే వాడు కుడికాలు లేపుతాడు. అందరూ గిర్రున తిరిగి నిలబడ్డాక వాడికి తిరగాలని గుర్తొస్తుంది. ఒక్కసారి వాడు మన కంట్లో పడ్డాడా... ఇంక హీరో ఏం చేస్తున్నాడో మనకి అక్కర్లేదు. పాట అయిపోయేదాకా వాణ్ణే చూస్తూ కూర్చుంటాం.

డాన్సు మాస్టరు చేత తిట్లు తినే అలాంటి కుర్రాణ్ణి కావాలని పుట్టించి, ఒక నిమిషం పాటు వాణ్ణే హీరోని చేసి, ప్రపంచాన్నంతా నవ్వించిన ఆర్టిస్టు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు ఆర్ట్ బాబిట్. ఆ కుర్రాడి పేరు హాప్ లో. సినిమా వాల్ట్ డిస్నీ 'ఫాంటాసియా'. విశేషమేమిటంటే, ఆ కుర్రాడు మనిషి కాదు. పుట్టగొడుగు!

ఈ కథ నా దాకా ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. హైదరాబాదులో బొమ్మల సినిమాలకి పనిచేసే మిత్రుడొకడు నాకున్నాడు. మట్టితో బొమ్మ చేసి, దాన్ని వెంట్రుకవాసి జరుపుతూ, ఒక్కొక్క ఫ్రేమే ఫొటో తీసే ఓపిక వాడిది. మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం వాడి గదికి వెళితే బల్ల నిండా పుట్టగొడుగులు! తినేవి కావు లెండి, బంకమట్టివి. ఎర్ర టోపీలు, తెల్ల కాడలు. ఒకదానికి రెండు చేతులు అతికించాడు. ఇంకోదానికి గుండ్రటి కళ్ళు పెట్టాడు. మరోదానికి మీసాలు! మావాడి ముఖం మాత్రం వాన పడని చేనులా ఉంది.

"నవ్వు రావట్లేదు గురూ" అన్నాడు. "చేతుల్లేవు, కాళ్ళు లేవు, మెడ లేదు. వీడిచేత ఏం నటింపజెయ్యను? అన్నీ అతికిస్తే అది పుట్టగొడుగులా ఉండదు. ఏదీ అతికించకపోతే మనిషిలా ఉండదు."

నాకు ఫాంటాసియా గుర్తొచ్చింది. కంప్యూటర్లో ఆ ముక్క పెట్టించాను. ముందు సౌండు తీసేసి చూశాం. తర్వాత సౌండుతో చూశాం. ఆ తర్వాత ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ చూశాం. వాన వెలిసింది, టీలు చల్లారాయి. మేం మాత్రం ఆ నిమిషం దాటి ముందుకి పోలేదు.

ఏముంది ఆ నిమిషంలో?

చీకటి. అందులో ఎర్ర టోపీల పుట్టగొడుగులు కొన్ని. మీద నీటి చుక్కలు పడతాయి. పుట్టగొడుగులు ఒళ్ళు విదుల్చుకుంటాయి. అంతే, అవి చటుక్కున పొడుగు అంగీలు తొడుక్కుని, వెడల్పు టోపీలు పెట్టుకున్న చీనా నర్తకులైపోతాయి. వరుసగా నిలబడి, వంగి, గుండ్రంగా తిరుగుతూ నాట్యం మొదలెడతాయి. అన్నీ పెద్దవే. ఒక్కటి మాత్రం వేలెడంత. అదే మన హాప్ లో! పెద్దవాళ్ళ అడుగు పెద్దది, వీడి అడుగు చిన్నది. పరిగెత్తుకొచ్చి వరుసలో చేరేసరికి వరుస ఇంకో వైపు తిరిగిపోతుంది. సరిగ్గా నిలబడ్డాననుకునేసరికి నాట్యం మారిపోతుంది. అయినా వాడు ఏడవడు, అలగడు. ఎంతో దర్జాగా, తప్పంతా మిగతావాళ్ళదే అన్నట్టు, మళ్ళీ పరిగెడతాడు!

సంగీతం చైకోవ్‌స్కీది. 1892లో రష్యాలో ప్రదర్శించిన 'నట్‌క్రాకర్' బాలేలోది. ఆ బాలేలో తినుబండారాలూ పానీయాలూ ఒక్కొక్కటీ వచ్చి నాట్యం చేస్తాయి. చాక్లెట్‌కి స్పెయిన్ నాట్యం, కాఫీకి అరబ్బు నాట్యం, టీకి చీనా నాట్యం. డిస్నీ మనుషులు ఆ కథని పూర్తిగా పక్కన పెట్టేసి పాటల్ని మాత్రం తీసుకున్నారు. రష్యన్ నాట్యానికి ముళ్ళపూలనీ ఆర్కిడ్లనీ, చీనా నాట్యానికి పుట్టగొడుగుల్నీ తెచ్చారు. కింద బసూన్లు గుడుగుడుమంటూ ఒకే మాట పదేపదే చెబుతుంటాయి. పైన ఫ్లూట్ కీచుమంటూ ఎగిరిపడుతుంది. మధ్యలో వయొలిన్ తీగల్ని కమానుతో కాకుండా వేలితో టింగుటింగుమని మీటుతారు. ఇంకోసారి చూసినప్పుడు గమనించండి. పెద్ద పుట్టగొడుగుల బరువూ హుందాతనమూ బసూన్లలో వినిపిస్తాయి. హాప్ లో చిట్టి పరుగులు ఆ తీగల మీటులో వినిపిస్తాయి. ఇది నాకు తోచినమాట. మావాడు కూడా ఒప్పుకున్నాడు.

పుట్టగొడుగుల రూపం మొదట గీసినవాడు ఎల్మర్ ప్లమర్ అనే చిత్రకారుడు. 'నట్‌క్రాకర్' భాగం మొత్తానికి దర్శకుడు శామ్యూల్ ఆర్మ్‌స్ట్రాంగ్. చీనా, రష్యన్ నాట్యాల కూర్పులో జూల్స్ ఎంగెల్ అనే కళాకారుడి చెయ్యి కూడా ఉంది. ఇంతమంది ఉన్నా, ఆ బొమ్మకి ఊపిరి పోసింది మాత్రం బాబిట్. ఆ ఊపిరి పొయ్యడం ఆయనకి ఒక్కరోజులో రాలేదు. ఎనిమిదేళ్ళు పట్టింది!

ఇంట్లో పెట్టిన బడి

బాబిట్ 1907లో అమెరికాలోని ఒమాహాలో పుట్టాడు. యూదుల కుటుంబం. న్యూయార్కులో వ్యాపార ప్రకటనలకి బొమ్మలేసి, పాల్ టెర్రీ కార్టూన్ కంపెనీలో చేరి, 1932లో కాలిఫోర్నియా వెళ్ళి డిస్నీ స్టూడియోలో కుదిరాడు. అప్పటికి కార్టూన్ అంటే రబ్బరు గొట్టాల్లాంటి చేతులూ కాళ్ళూ, ఎముక లేని ఒళ్ళు. ఎటు వంచితే అటు వంగేవి. జనం నవ్వేవారు, ఇంటికెళ్ళి మర్చిపోయేవారు.

మన బాబిట్‌కి అది చాల్లేదు. మనిషి ఒంట్లో ఎముక ఎక్కడుంది, కండ ఎక్కడుంది, బరువు ఏ కాలి మీద పడుతుంది... ఇవి తెలియకుండా బొమ్మని ఎలా నడిపిస్తాం అన్నది ఆయన ప్రశ్న. అదే 1932లో తన ఇంట్లోనే, మనిషిని ఎదురుగా నిలబెట్టి చూసి గీసే క్లాసు మొదలుపెట్టాడు. స్టూడియోలో తోటి ఆర్టిస్టుల్ని పిలిచాడు. వారం వారానికీ జనం పెరిగారు. సంగతి వాల్ట్ డిస్నీ చెవిన పడింది. ఆయన సామాన్యుడా? మంచిదెక్కడున్నా ఇట్టే పసిగట్టగలవాడు! క్లాసుని స్టూడియోకే మార్పించాడు. ఆ ఏడాది నవంబరులో డాన్ గ్రాహం అనే మేష్టారు వచ్చి పాఠం మొదలెట్టాడు. డిస్నీ బొమ్మలకి తర్వాత వచ్చిన ఒడుపంతా ఆ బడిలోంచే వచ్చిందంటే అతిశయోక్తి కాదు. ఆ బడి పుట్టింది మాత్రం ఒక ఉద్యోగి సొంత ఇంట్లో!

ఇక్కడ మనం 'గూఫీ'ని తలుచుకోవాలి. మిక్కీ మౌస్ పక్కన తిరిగే ఆ పొడుగాటి అమాయకుడు. వాడు అప్పటికే తెరమీద ఉన్నాడు గానీ ఉన్నాడంటే ఉన్నాడంతే. బాబిట్ 1934లో కూర్చుని వాడి మనస్తత్వం మీద ఒక వ్యాసమే రాశాడు! వీడు ఎలా ఆలోచిస్తాడు, ఆలోచన బుర్రలోకి రావడానికి ఎంతసేపు పడుతుంది, వాడి మంచితనం ఎలాంటిది, భుజాలు ఎలా వాలి ఉంటాయి, నడిస్తే పాదాలు ఎటు పోతాయి... ఒక హాస్యనటుడి గురించి దర్శకుడు రాసుకున్న నోట్సులా ఉంటుందది. మరుసటి ఏడాది 'మిక్కీస్ సర్వీస్ స్టేషన్'లో గూఫీ నడిచిన నడక చూస్తే వాడు గీతల బొమ్మ అని ఎవరూ అనుకోరు.

1936లో 'ది కంట్రీ కజిన్' అనే చిన్న చిత్రం వచ్చింది. పల్లెటూరి ఎలుక పట్నం వచ్చి, విందు బల్ల మీద షాంపేను తాగి తూలుతుంది. ఆ ఎలుక బాబిట్‌దే. ఆ చిత్రానికి ఆస్కారు వచ్చింది. తాగుబోతుని నటించడం ఎంత కష్టమో మన సినిమా చూసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చాలామంది తూలుడు నటిస్తారు. మంచి నటుడు మాత్రం తూలకుండా ఉండడానికి పడే అవస్థని నటిస్తాడు. ఆ ఎలుక మంచి నటుడు.

ఆ తర్వాత 1937లో 'స్నోవైట్'లో అందగత్తె అయిన దుష్టరాణి. 1940లో 'పినోకియో'లో బొమ్మలు చేసే ముసలి జెపెట్టో. రెండూ మనుషుల పాత్రలు. మనుషుల్ని గీయడమే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే చూసేవాడికి మనిషి బాగా తెలుసు. చిన్న పొరపాటయినా దొరికిపోతాం. (అన్నట్టు, స్నోవైట్ కదలికలకి నమూనాగా నటించిన అమ్మాయి మార్జ్ బెల్చర్‌నే బాబిట్ 1937లో పెళ్ళాడాడు. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1940లో విడిపోయారు.)

ఎముకలు నేర్చుకున్నాడు, మనసు నేర్చుకున్నాడు, ముఖంలో భావాలు నేర్చుకున్నాడు. అన్నీ వచ్చాక ఆయన చేతికి ఏమొచ్చింది? ఎముక లేని, చెయ్యి లేని, ముఖం లేని పుట్టగొడుగు!

సంగీతం కాగితం, కర్లీ నడక

హాప్ లో ముఖం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? కళ్ళంటే రెండు గీతలు. అంతే. చేతులు చాచి ఊపి నటించే వీల్లేదు. కాళ్ళు అంగీ అంచు కింద ఉన్నాయంటే ఉన్నాయి. సినిమా నటుడికి ఉండే సరంజామా అంతా లాగేసి, "ఇప్పుడు నటించు" అన్నట్టుంది. మిగిలింది రెండే. ఒళ్ళు ఎటు వాలుతుందన్నది, ఎప్పుడు వాలుతుందన్నది. బరువూ, కాలమూ!

బరువుకి ఆయన ఆధారం కర్లీ. ఆ రోజుల్లో 'త్రీ స్టూజెస్' అని ముగ్గురు హాస్యగాళ్ళ చిన్న చిత్రాలు అమెరికా హాళ్ళలో గొప్పగా ఆడేవి. వాళ్ళలో గుండు కర్లీ హవర్డ్ ఒళ్ళు బొద్దుగా ఉన్నా కాళ్ళు మాత్రం చకచకా గీరుకుంటూ పోయేవి. ఆ గీరుడు నడక, ఆ తల ఊపు హాప్ లోలో ఉన్నాయి. చీనా నర్తకుడి అంగీలో తిరుగుతున్నది అసలు కర్లీయే! మన రేలంగి ఒళ్ళూ, రమణారెడ్డి ఒళ్ళూ పక్కపక్కన నిలబడితేనే నవ్వొచ్చేది కదా. ఒళ్ళే సగం హాస్యమన్న సంగతి బాబిట్‌కీ తెలుసు.

కాలానికి ఆయన ఆధారం సంగీతమే. చైకోవ్‌స్కీ స్వరాలు అచ్చేసిన కాగితాన్ని తన బల్లకి గుచ్చి పెట్టుకున్నాడు.  ఏ స్వరానికి ఏ కదలిక అన్నది ఆ కాగితం చూసే తేల్చుకున్నాడు. 

మా మిత్రుడూ నేనూ లెక్క వేశాం. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. అంటే నిమిషానికి 1,440. ప్రతి ఫ్రేములోనూ ఈ పుట్టగొడుగులన్నీ ఉంటాయి. పెద్దవాళ్ళు సరిగ్గా తాళానికి పడాలి. చిన్నవాడు సరిగ్గా తాళం తప్పాలి! తాళానికి పడేలా గియ్యడం ఒక ఎత్తు. తాళం ఎంత తప్పితే నవ్వొస్తుందో, ఎంత తప్పితే చిరాకొస్తుందో కొలిచి గియ్యడం ఇంకో ఎత్తు. రెండు ఫ్రేములు తగ్గితే వాడు తప్పినట్టే తెలీదు. ఇంకాస్త పెరిగితే వాడికి చేతకాదనిపిస్తుంది. వాడికి చేతనవును, కాళ్ళే పొట్టివి. ఆ తేడా తెలియాలి!

ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతుంటే మావాడు హఠాత్తుగా ఆగాడు. "టోపీ చూడు గురూ!" ఒళ్ళు ఆగిపోయింది. కానీ టోపీ అంచు ఇంకా ఆగలేదు. ఇంకో రెండు ఫ్రేముల తర్వాత కిందకి దిగి సర్దుకుంది. ఆ రెండు ఫ్రేముల్లోనే ఆ టోపీకి బరువొచ్చింది. టోపీకి బరువొస్తే దాని కింద తల ఉన్నట్టయింది. తల ఉందంటే ఆలోచన ఉన్నట్టే!

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ గీతల కళ్ళూ, ఆ టోపీలూ, ఆ వంగి వంగి దణ్ణాలూ... చీనా వాళ్ళంటే ఇలా ఉంటారని అమెరికా వాళ్ళు ఆ రోజుల్లో వేసుకున్న ఎగతాళి బొమ్మే అది. ఈ సినిమాలోనే ఇంకో భాగంలో సన్‌ఫ్లవర్ అని ఒక నల్లపిల్ల పాత్ర ఉండేది, తెల్లవాళ్ళకి గిట్టలు తుడిచే పనిపిల్లగా. 1969లో మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ పాత్రని కత్తిరించేశారు. పుట్టగొడుగుల్ని మాత్రం ఉంచారు. నాకు అడిగితే, హాప్ లోలో నవ్వు వాడి కళ్ళ గీతల్లోంచి రాదు, వాడి పరుగులోంచి వస్తుంది. అయినా ఆ గీతలు గీసింది ఎవర్ని చూసి అన్నది చూసేవాడికి గుర్తుండాలి. కళ బాగుందని ఎగతాళి ఒప్పైపోదు కదా!

కాగితం మీంచి బల్ల మీదకి

ఆ రోజుల్లో డిస్నీ స్టూడియోలో బొమ్మల విభాగమొకటి ఉండేది. జో గ్రాంట్ దానికి పెద్ద. ముఖ్యమైన పాత్రలకి మట్టితో, ప్లాస్టరుతో చిన్న బొమ్మలు చేసి, రంగులు వేసి ఆర్టిస్టుల బల్లల మీద పెట్టేవారు. ఎందుకంటే కాగితం మీద ముఖం ఒకవైపు నుంచి బాగానే వస్తుంది. తల తిప్పగానే ముక్కు ఎక్కడికో పోతుంది! బొమ్మ ఎదురుగా ఉంటే దాన్ని తిప్పి చూసి గియ్యొచ్చు. మన శిల్పులు రాతిలో చూసేదాన్ని వాళ్ళు ప్లాస్టరులో చూశారన్నమాట. పినోకియోకీ, ఫాంటాసియాకీ ఇలాంటి బొమ్మలెన్నో చేశారు.

అయితే పుట్టగొడుగు అసలు సిసలు పింగాణి బొమ్మగా మారింది స్టూడియో బయట. లాస్ ఏంజెలెస్ పక్కనే వెర్నన్ అనే చోట వెర్నన్ కిల్న్స్ అని గిన్నెలూ పళ్ళేలూ చేసే పింగాణి కంపెనీ ఉండేది. 1940లో డిస్నీతో ఒప్పందం చేసుకుని ఫాంటాసియా పాత్రల్ని బొమ్మలుగా పోసింది. నాట్యమాడే నీటి గుర్రం, ఏనుగు, నిప్పుకోడి, రెక్కల గుర్రాలు. వాటితోపాటు మన హాప్ లో! ఎలాగంటారా? భోజనాల బల్ల మీద ఉప్పుకొకటీ, మిరియాలకొకటీ... జత బుడ్లుగా! వంచితే నెత్తి మీంచి ఉప్పు రాలుతుంది.

నవ్వకండి. ఆలోచిస్తే ఆ బుడ్డి గొప్ప పరీక్ష. తెరమీద సంగీతం ఉంది, పరుగు ఉంది, పెద్దవాళ్ళ వరుస ఉంది. బుడ్డికి అవేమీ లేవు. కదలదు, మెదలదు. అయినా దాని ఫొటోలు చూస్తే మీకు "అరె, మన చిన్నోడు!" అనిపిస్తుంది. టోపీకీ ఒంటికీ మధ్య ఉన్న ఆ కొలత, ఆ కాస్త వాలు... అంతే. కదలికలోంచి పుట్టిన ఆకారం కాబట్టి, కదలకపోయినా ఇప్పుడే కదలబోతున్నట్టుంటుంది. ఆ బుడ్లు కొద్దికాలమే తయారయ్యాయి. ఇప్పుడవి పాత వస్తువులు పోగుచేసేవాళ్ళ అద్దాల బీరువాల్లో ఉన్నాయి.

గేటు బయట

ఫాంటాసియా 1940 నవంబరు 13న న్యూయార్కు బ్రాడ్వే థియేటర్లో విడుదలైంది. హాలంతా చుట్టూ వినిపించే కొత్త సౌండు పద్ధతి 'ఫాంటాసౌండ్' పెట్టారు. లియొపాల్డ్ స్టొకోవ్‌స్కీ సంగీత నిర్వహణ. అంతా ఘనమే. కానీ తెరమీద పనిచేసినవాళ్ళ పేర్లు లేవు! పేర్లు చూడాలంటే హాల్లో ఇచ్చే ప్రోగ్రాం పుస్తకం తిరగెయ్యాలి. హాప్ లోని చూసి పగలబడి నవ్వినవాళ్ళలో ఎంతమంది ఆ పుస్తకంలో బాబిట్ పేరు వెతికి ఉంటారు?

యూరప్‌లో యుద్ధం. అక్కడి హాళ్ళ డబ్బు రావడం ఆగిపోయింది. ఆ సౌండు మెషిన్లు పెట్టడం ఖర్చు. సినిమా నష్టాల్లో పడింది. స్టూడియోలో జీతాల గొడవ ముదిరింది. పెద్ద ఆర్టిస్టులకి వారానికి 300 డాలర్ల దాకా వస్తుంటే, కిందివాళ్ళకి 12 డాలర్లు కూడా వచ్చేవి. తెరమీద పేరు లేదన్నది ఇంకో బాధ. బాబిట్‌ది పై వరుస జీతం. కదలకుండా కూర్చుంటే ఆయనకేం తక్కువ? కానీ ఆయన కిందివాళ్ళ యూనియన్‌లో చేరి ముందు నిలబడ్డాడు. వాల్ట్‌కి అది మింగుడుపడలేదు. 1941 మే చివర్లో బాబిట్‌నీ, మరికొందరు యూనియన్ ఆర్టిస్టుల్నీ ఉద్యోగంలోంచి తీసేశారు. వెంటనే సమ్మె మొదలైంది.

స్టూడియో గేటు బయట వందలమంది. అందరూ ఆర్టిస్టులే కదా, వాళ్ళ అట్టలు ఎలా ఉంటాయి? ప్లూటో కుక్క బొమ్మ వేసి, సమ్మెని వెన్నుపోటు పొడిచేవాడికన్నా కుక్కగా ఉండడమే నయమని దానిచేత చెప్పించారు! ఒకరోజు వాల్ట్ కారులో గేటు దాటుతుంటే బాబిట్ మైకులో ఆయన్ని పేరుపెట్టి సిగ్గుపడమని అరిచాడు. వాల్ట్ కోటు విప్పుతూ కారు దిగి మీదకొచ్చాడు. పక్కవాళ్ళు అడ్డుపడ్డారు కాబట్టి సరిపోయింది. లేకపోతే హాలీవుడ్డులో అన్నిటికన్నా ఖరీదైన ఫైటింగు సీను జరిగిపోయేదే!

ఒక్క సంగతి మాత్రం నాకు మనసులోంచి పోవడం లేదు. అదే రోజుల్లో అమెరికాలో ఎవరింట్లోనో, భోజనాల బల్ల మీద హాప్ లో బుడ్డి నిలబడి ఉంటుంది. ఉప్పు కావాలా అంటూ చేతులు మారుతూ ఉంటుంది. దానికి నడక నేర్పినవాడు ఎండలో అట్ట పట్టుకుని గేటు బయట ఉన్నాడు.

సమ్మె ఆ సెప్టెంబరులో ముగిసింది. యూనియన్ గెలిచింది. బాబిట్ యుద్ధంలో మెరైన్ దళంలో పనిచేసి, చట్టం ద్వారా పోరాడి తన ఉద్యోగం తను మళ్ళీ సంపాదించుకుని డిస్నీకి తిరిగొచ్చాడు. కానీ ఇష్టంలేని ఇంట్లో అల్లుడిలా ఎన్నాళ్ళుంటాడు? 1947లో వెళ్ళిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో వాల్ట్ వాషింగ్టన్ వెళ్ళి, ఆ సమ్మె కమ్యూనిస్టుల పని అని అమెరికా పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. డిస్నీ స్టూడియో తర్వాత ఎప్పుడూ గొప్పగా చెప్పుకునే 'తొమ్మండుగురు పెద్దలు' జాబితాలో బాబిట్ లేడు. ఇంట్లో బడి పెట్టినవాడు పేరు పెట్టెలో లేకుండా పోయాడు!

వాల్ట్‌ని నేను విలన్‌ని చెయ్యదల్చుకోలేదు. ఆయన లేకపోతే ఫాంటాసియా లేదు. పుట్టగొడుగుల చేత చైకోవ్‌స్కీకి నాట్యం చేయించమని డబ్బు పెట్టేవాడు ఇంకెవడున్నాడు? కానీ ఇద్దరు మొండివాళ్ళలో ఒకడి పేరు సినిమా ముందు అంతెత్తున ఉండి, ఇంకొకడి పేరు పుస్తకంలో వెతుక్కోవాల్సి రావడం... అదీ నా బాధ.

మళ్ళీ బడి

వెళ్ళిపోయి ఊరికే ఉన్నాడా? లేదు. యు.పి.ఏ. అనే స్టూడియోలో చేరాడు. అక్కడ పద్ధతే వేరు. గుండ్రటి ఒళ్ళు లేదు, బరువు లేదు, చదునైన బొమ్మలు, కోణాలు. 1951 నాటి 'రూటీ టూట్ టూట్'లో ఆయన పనిచేశాడు. నలభై దాటాక, నేర్చుకున్నదంతా పక్కన పెట్టి కొత్త రకం బొమ్మలో నటన వెతకడం తేలిక కాదు. తర్వాత చాలాకాలం టీవీ ప్రకటనలు చేశాడు. 1977లో 'రాగెడీ యాన్ అండ్ యాండీ' అనే సినిమాలో ముడతల మోకాళ్ళ ఒంటెని గీశాడు. పాత గుడ్డతో కుట్టిన ఒంటె! మోకాళ్ళు ఎటు పడితే అటు వంగుతాయి. ఎముకల పాఠం నేర్చినవాడికి మళ్ళీ ఎముక లేని పాత్ర!

అంతకుముందు 1973లో రిచర్డ్ విలియమ్స్ ఆయన్ని లండన్ పిలిచాడు. తర్వాత 1988లో 'హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్' బొమ్మలకి పెద్ద అయిన విలియమ్సే. తన స్టూడియోలో నెలరోజులపాటు బాబిట్ చేత పాఠాలు చెప్పించాడు. ఒళ్ళు కదిలేటప్పుడు కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఎలా విరుగుతాయి, ముందు ఏది కదలాలి, తర్వాత ఏది సర్దుకోవాలి... ఆ నోట్సు చేతులు మారి మారి దేశదేశాల ఆర్టిస్టులకి చేరింది. విలియమ్స్ 2001లో వేసిన 'ది యానిమేటర్స్ సర్వైవల్ కిట్' పుస్తకంలో బాబిట్ పేరు పేజీ తిప్పితే కనిపిస్తుంది. ఇవాళ కంప్యూటర్ మీద బొమ్మలు కదిపే పిల్లలూ ఆ పుస్తకమే తిరగేస్తారు. మా మిత్రుడి బల్ల కింద కూడా ఒక ప్రతి ఉంది. ఇన్నాళ్ళూ దాని మీద కాళ్ళు పెట్టుకు కూర్చున్నాడు మహానుభావుడు!

బాబిట్ 1992 మార్చిలో పోయాడు. 2007లో డిస్నీ సంస్థ తన 'లెజెండ్స్' వరుసలో ఆయన పేరు చేర్చింది. సమ్మె జరిగిన 66 ఏళ్ళకి. ఆలస్యంగానైనా ఆ వరుసలోకి వచ్చి చేరాడు.

మావాడి సంగతి చెప్పనేలేదు కదూ. ఆ రాత్రి పదిన్నరకి మట్టి పుట్టగొడుగుల చేతులు పీకేశాడు. మీసాలు పీకేశాడు. కళ్ళు చెరిపేసి రెండు చుక్కలు పెట్టాడు, గీతలు కాదు. టోపీ మాత్రం ఇంకాస్త పెద్దది చేశాడు. లోపల తీగ సరిపోలేదు కాబోలు, బల్ల మీద నిలబెట్టగానే టోపీ బరువుకి చిన్నది మెల్లగా ముందుకి వాలి, పక్కదాని మీద ఆనుకుని ఆగింది. నేను సరిచెయ్యబోయాను.

"ముట్టుకోకు" అన్నాడు. కెమెరా బటన్ నొక్కాడు.